విషం లేదన్న మాట

శాలిబండలో పాలు పోసే రామ్‌చందర్ పక్కన ఎవరూ కునుకు తీయలేరు. షేర్ ఆటోలో ఎవరి రెప్పలైనా వాలాయంటే చాలు, మోచేత్తో పొడిచి "ఉఠో భాయ్, స్టాప్ ఆగయా" అని, రాని స్టాప్ వచ్చిందని అబద్ధమాడతాడు. పాలు పిండుతుంటే బర్రె అరకన్ను మూసి నెమరు వేసిందా, దాని వీపు మీద ఒక్కటి చరుస్తాడు. గల్లీ వాళ్లు దీన్ని పెద్దమనిషి చాదస్తమనుకుని నవ్వుకుంటారు. అది చాదస్తం కాదు, భయం. సగం వాలిన రెప్పలు ఎక్కడ చూసినా ఆయనకు చెల్లెలి మొగుడు రామలింగమే కనబడతాడు. పోయి ముప్పై ఏడేళ్లయినా ఆ మనిషి ఇంకా పోలేదు.

అప్పట్లో ఆ గల్లీ మొత్తానికి ఒకటే టీవీ, అది రామ్‌చందర్‌ది. బ్లాక్ అండ్ వైట్. ఆదివారం పొద్దున సముద్ర జంతువుల మీద ఇంగ్లీషు కార్యక్రమం ఒకటి వచ్చేది. చాపలు పరిచి, గల్లీ అంతా వచ్చి కూర్చునేది. టీవీ ఎవరిదో అర్థం చెప్పే పనీ వాళ్లదే అన్నది అక్కడి మర్యాద. పదో తరగతి ఇంగ్లీషులో మూడుసార్లు తప్పినవాడు రామ్‌చందర్. అయితేనేం, ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం. బొమ్మ చూసి, వెనక వచ్చే సంగీతం విని, కథ అల్లేసేవాడు. షార్క్ కనబడగానే డప్పులు మోగేవి. "ఇది పగవట్టే చాప. మనిషిని ఒక్కసారి జూసిందంటే పన్నెండేండ్లు మర్వది" అనేవాడు. పాముకున్న పగను తెచ్చి చేపకు అంటగట్టాడన్నమాట. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వినేవాళ్లు.

ఒక ఆదివారం సముద్రపు పామును చూపించారు. డప్పుల్లేవు. సన్నగా పిల్లనగ్రోవి వినిపించింది. ఒంటి నిండా పట్టీలతో పాము నీళ్లలో మెల్లగా కదిలింది.

"గిది నీళ్లపాము. మన చెర్లల్ల నీరుకట్టు ఉండదా, గసొంటిదే. విషం ఉండది. పోరగాండ్లు గూడ పట్టుకోవచ్చు" అన్నాడు రామ్‌చందర్. అందరూ తల ఊపారు. రామలింగానికైతే బావ మాట వేదం.

ఆ ఏడు కార్తీకంలో గల్లీ వాళ్లంతా బస్సు మాట్లాడుకుని సముద్ర స్నానానికి సూర్యలంక వెళ్లారు. షార్క్ భయానికి మోకాలి లోతు దాటి ఒక్కరూ పోలేదు. రామ్‌చందర్ అయితే నడుమున చేతులు పెట్టుకుని కెరటాలకు కాపలా కాశాడు. స్నానాలయ్యాక ఒడ్డున జాలర్లు వల లాగుతుంటే చూడ్డానికి పోయారు. చేపల మధ్య ఒక పాము మెలికలు తిరుగుతోంది. ముసలి జాలరి ఒకాయన కేక పెట్టాడు.

"ముట్టుకోమాకండయ్యా! అది మంచిది కాదు!"

రామ్‌చందర్ నవ్వాడు. "నీళ్లపామే గదా. మేం టీవీల జూసినం."

ఆ మాటతో రామలింగం వంగి పామును తోక పట్టి లేపాడు. అది తిరిగి బొటనవేలిని అందుకుంది. రెండు సన్నని నెత్తుటి చుక్కలు. విదిలించి పారేసి వేలిని లుంగీకి తుడుచుకున్నాడు. "దోమ ఇంతకంటే గట్టిగ కుడ్తది బావా" అన్నాడు.

పది గంటలకు బస్సు బయలుదేరింది. మధ్యాహ్నం మిర్యాలగూడలో ఆగితే రామలింగానికి టీ గొంతు దిగలేదు. మెడ బిగుసుకుంది, రెప్పలు వాలాయి. తెల్లవారుజామున లేచిన అలసట అనుకున్నారు. ముందు సీట్లో ఉన్న రామ్‌చందర్ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. చెల్లెలి పక్కన పడుకున్నాడులే అనుకున్నాడు. దీపాలు పెట్టేవేళ మలక్‌పేటలో లేపబోతే లేవలేదు. డాక్టరు గుండె ఆగిందన్నాడు, అందరూ అదే నమ్మారు. రామ్‌చందర్ కూడా నమ్మాడు.

పన్నెండేళ్ల తర్వాత కేబుల్‌లో, హిందీలో, ఆ పాము మళ్లీ వచ్చింది. దాని విషం నాగుపాము విషాన్ని మించిందని, కరిస్తే నొప్పి కూడా తెలియదని, కొన్ని గంటలకు రెప్పలు వాలతాయని చెప్పారు. హిందీ ఆయనకు బాగా వచ్చు. తింటున్న అన్నం వదిలేసి లేచాడు. మర్నాడే టీవీని ఎవరికో ఇచ్చేశాడు.

చెల్లెలు శారదమ్మ అప్పటికే ఆయన ఇంట్లోనే ఉంటోంది. రోజూ పొద్దున ఆమె టీ అందిస్తే తల వంచుకుని తీసుకునేవాడు. నీ మొగుణ్ణి నా నోరే చంపిందని చెబితే ఆ చేత్తో ఇంకో టీ ఇస్తుందా? ఈ ఇంట్లో ఉంటుందా? ఆ భయంతోనే ఇన్నేళ్లు నోరు కుట్టుకున్నాడు.

మొన్న డిగ్రీ చదివే మనవరాలు పూజితను అడిగి ఆ పాత కార్యక్రమాన్ని ఫోన్‌లో వెతికించాడు. దొరికింది. ఆ పిల్ల వింటూ అర్థం చెప్పింది.

"అంతా ఉల్టా చెప్పిన్రు తాతా. షార్క్‌కు వీళ్లే మాంసం ఏసి పిలిచి, మల్ల రాక్షసి అంటున్నరు. అవి మనుషుల జోలికి వచ్చుడే తక్కువ. ఇగ పామేమో సిగ్గరిదంట, నోరు చిన్నదంట, మనిషిని కర్వనే రాదంట. అబద్ధం! మంచిగ కరుస్తది."

"విషం సంగతి ఏమన్నడు?"

"విషం మస్తుంటదనే చెప్పిండు."

టీవీ ఒక అబద్ధం ఆడింది. దాని మీద రెండోది తనది. తప్పు తనొక్కడిదే కాదని తేలినా ఆయన గుండె తేలిక పడలేదు. ఇక దాచడం చేతకాక నేరుగా వంటింటి గడప దగ్గరికి పోయి నిలబడ్డాడు. శారదమ్మ బియ్యం ఏరుతోంది. వలనూ, పామునూ, తన నవ్వునూ ఏదీ మిగల్చకుండా చెప్పాడు.

శారదమ్మ చాట పక్కన పెట్టింది.

"పాము సంగతి నాకెర్కనే అన్నా. బస్సుల ఆయన ఏలు సూపెట్టిండు. పాము గర్సింది, బస్సు ఆపమను, దవాఖానకు పోదమన్నడు. అప్పటికే నాల్క మడ్తవడ్తుండె. నేనే వద్దని జెప్పిన. మా అన్న జెప్పిండు గదా, దానికి విషం ఉండదు, సప్పుడు జేయక పండుమన్న."

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. రామ్‌చందర్ మాట ఆ రోజు బస్సులో నాలుగు సీట్లు దాటింది. అంతే చాలింది.

"మరి ఇన్నేండ్లు నాకెందుకు జెప్పలే?" అని అడిగాడాయన.

"జెప్తే నువ్వు బతుకుతవా?" అందామె. చాటను మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. "ఆయన ఇంకోసారి అడగలే అన్నా. నువ్వు జెప్పినవంటే నమ్మిండు. నమ్మి కండ్లు మూస్కున్నడు."