పట్టిన అనేదాకా

బొల్లారంలో మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలో హెల్పర్‌గా చేరిన రోజుల్లో, బీఎస్సీ చదివానన్న పొగరు నాకు కాస్త ఎక్కువే ఉండేది. నాతో పనిచేసే, అందరూ చాచా అని పిలిచే పెద్దాయన ఏడో తరగతి దాటలేదు. పొడి బస్తాను చెరో చివర పట్టి పైకెత్తి రియాక్టర్‌ అనే పెద్ద పాత్రలో వంచడం మా ఇద్దరి పని. చెయ్యి మార్చుకోవాలన్నా, వదలాలన్నా అవతలివాడు "పట్టిన" అనాల్సిందే. పట్టుకున్నానని దానర్థం, అది చాచా పెట్టిన కట్టుబాటు. కొత్తగా వచ్చినవాళ్లు నవ్వేవారు, నేనూ నవ్వాను. కానీ ఆయన చేతిలోంచి బస్తా జారగా ఎవరూ చూడలేదు.

నా కన్ను మాత్రం ల్యాబ్ మీద ఉండేది. ఖాళీ ఉందని తెలిసి ఇంటర్వ్యూకి వెళ్లాను. ల్యాబ్ మేడం చిన్న ప్రశ్నే అడిగింది. క్లోరిన్ పరమాణువులు జంటగానే ఎందుకుంటాయి?

"ఎలక్ట్రాన్లు పంచుకుంటాయి మేడం."

"పంచుకుంటే? విడిపోకుండా వాటిని ఏది ఆపుతుంది?"

పంచుకుంటాయనే మళ్లీ చెప్పాను. మూడేళ్లు బట్టీ పట్టిన వాక్యం వెనక ఏముందో ఒక్కసారీ చూడలేదని అప్పుడు తెలిసి సిగ్గేసింది. ఆమె జాలిపడి నెల తరవాత మళ్లీ రమ్మంది. అప్పుడూ చెప్పలేకపోతే బయటి మనిషిని తీసుకుంటామంది.

మర్నాడు టీ తాగుతుంటే చాచా నా మొహం చూసి ఏమైందని అడిగాడు. ఈయనకేం అర్థమవుతుందిలే అనుకుంటూనే, సుద్దముక్కతో నేల మీద రెండు క్లోరిన్ పరమాణువులకు రెండు వృత్తాలు గీసి, బయటి ఎలక్ట్రాన్లకు గుర్తుగా ఒక్కోదాని చుట్టూ ఏడేసి చుక్కలు పెట్టాను. చుట్టూ ఎనిమిది ఉంటేగానీ ఇవి కుదుటపడవనీ, అందుకే చెరో చుక్క మధ్యలో పెట్టి ఆ జంటను రెండూ తమ లెక్కలో వేసుకుంటాయనీ చెప్పాను. ఉదాహరణకి చిట్కుల్‌లో మా కిరాయి రూమ్ ఉండనే ఉంది. ఒకటే మంచం. రాత్రి నేను పడుకుంటాను, పగలు నైట్ షిఫ్టు చేసొచ్చిన నా రూమ్మేటు పడుకుంటాడు.

"నువ్వు పండుకున్నప్పుడు వాడు రూంల ఉంటడా?" అన్నాడు చాచా.

"ఉండడు."

"వాడు పండుకున్నప్పుడు నువ్వుంటవా?"

"లేదు చాచా, డ్యూటీల ఉంట."

"మరి ఇద్దరు కలిసి ఎప్పుడున్నరు బేటా? ఇది పంచుకునుడు కాదు, వంతులేసుకునుడు. ఆ మంచం మీ ఇద్దర్ని ఏడ కట్టేసింది?"

నాకు ఒళ్లు మండింది. ఎలక్ట్రాన్ పేరు వినని మనిషి నా తప్పు పట్టుకున్నందుకు కాదు, సరిగ్గా మేడం అడిగిన చోటే పట్టుకున్నందుకు. లేచి పనిలోకి వెళ్లాను.

బస్తా సగం ఎత్తాక చాచా ఆగిపోయాడు.

"ఇప్పుడు నువ్వు ఇడిచి పోతవా?"

"ఎట్ల పోత? పడిపోతది."

"నేను పోతనా?"

"పోవు."

"ఎవలిది బస్తా?"

"ఇద్దరిది. జల్దీ ఎత్తు చాచా, చేతులు గుంజుతున్నయ్."

"గిదే మరి. ఇద్దరం ఒక్కసారే పట్టుకున్నం, అందుకే ఇద్దర్ని పట్టుకున్నది."

ఆ ఎలక్ట్రాన్ల జంటను రెండు కేంద్రకాలూ ఒకేసారి తమ వైపు లాగుతాయనీ, ఆ లాగుడే వాటిని కలిపి ఉంచుతుందనీ పుస్తకంలో ఉంది. నేను చదివాను కూడా. అర్థమైంది మాత్రం ఆ రోజే, భుజాలు నొప్పెడుతుండగా. ఇంత తెలివైన మనిషి పక్కన నిలబడి ఇన్నాళ్లూ నాకే చదువొచ్చని అనుకున్నాను.

రెండోసారి మేడంకి బస్తా సంగతే చెప్పాను. ఎవరు నేర్పారంటే మా చాచా అన్నాను. ఉద్యోగం వచ్చింది.

ల్యాబ్‌లో చేరిన మొదటి వారం చాచా శాంపిల్ సీసా తెచ్చాడు. తెల్లకోటు వేసుకుని చెయ్యి చాపాను. సీసా నా చేతిలోకి వచ్చింది గానీ ఆయన వదల్లేదు, నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఎందుకో నాకు తెలుసు. ఆ మాట అంటే ఆయన వెళ్లిపోతాడు, బస్తా అవతలి చివర ఇప్పుడు ఇంకెవరో ఉన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. సీసా కాసేపు ఇద్దరి చేతుల్లోనూ ఉంది.

"పట్టిన చాచా" అన్నాను.

ఆయన చెయ్యి తీశాడు.