నా చేతి తూకం

కృష్ణగిరి మామిడి మండీలో నా చేతికి మించిన తక్కెడ లేదు. గంపను ఒక్కసారి ఎత్తితే చాలు, కాయ తేడా లేకుండా బరువు చెప్పేవాణ్ణి.

కిలోల లెక్క కొత్తగా వచ్చిన రోజులవి. మా పెద్దవాడికి ఏడాదిన్నర. జ్వరంతో ఒళ్లు కాలిపోతుంటే నేనూ, నా భార్యా సూళగిరి నుంచి బస్సులో కృష్ణగిరి ఆసుపత్రికి తీసుకుపోయాం. నర్సమ్మ సూదిమందు తీస్తూ, "బిడ్డ ఎంత బరువుంటాడప్పా? దాన్ని బట్టే మందు" అని అడిగింది. వాణ్ణి రెండు చేతులా ఎత్తి చూసి, "పన్నెండు కిలోలమ్మా" అన్నాను.

ఆమె వాడి సన్నటి కాళ్లకేసి చూసింది. వాణ్ణి తీసుకుపోయి తక్కెట్లో పడుకోబెట్టింది. ముల్లు ఎనిమిది దగ్గర ఆగింది.

"నువ్వు చెప్పినంతకీ మందు ఎక్కించింటే బిడ్డ ఏమయ్యేవాడు? ఇదేమన్నా కాయల బేరమా అప్పా?"

ఆమె ఎనిమిది కిలోలకే లెక్క కట్టి సూది వేసింది. మర్నాటికి జ్వరం దిగింది.

నిజం చెప్పాలంటే మండీలోనూ నా అంచనా ఎప్పుడూ నాలుగు కాయలు ఎక్కువే. అమ్మేవాణ్ణి కదా! ఆ అలవాటే ఆసుపత్రిలోనూ నోటికొచ్చింది.

ఇన్నేళ్లకు ఇదంతా రాసి చదివి వినిపిస్తే, బియ్యం ఏరుతున్న నా భార్య తల కూడా ఎత్తలేదు.

"రెండు చేతులా ఎత్తినానని రాసినావే, యాడ ఎత్తినావు? మీ నాయన ముందర సిగ్గని అన్నాళ్లూ బిడ్డను ముట్టనే లేదు. నువ్వు వాణ్ణి మొదటిసారి ఎత్తుకునింది ఆ పొద్దే, తక్కెట్లోనుంచి దించేటప్పుడు."