నిలబడొద్దని చెప్పిన తల్లి

ఆ వీధిలో అందరూ ఆమెను కర్టెన్లక్క అనేవారు. కిటికీ పక్కన మిషను వేసుకుని ఇళ్లకూ ఆఫీసులకూ తెరలు కుట్టేది. ఒకప్పుడు బట్టల ఫ్యాక్టరీలో పదిమంది చేత పనిచేయించిన మనిషి. కూతురు పుట్టాక ఆ ఉద్యోగం మానేసింది. పిల్లకు నడుమూ కాళ్లూ స్వాధీనంలో లేవు. మాట ముద్దముద్దగా వస్తుంది. తినిపించడం, స్నానం, గంటగంటకూ ఒత్తిగిల్లించడం, అన్నీ తల్లే చూడాలి. ఎంత తిన్నా బరువెక్కదని ఇంట్లో పిల్లను పిచ్చుక అని పిలుచుకునేవారు. తండ్రి సిటీబస్సు డ్రైవరు. ఆయన జీతం అద్దెకూ తిండికీ సరిపోయేది. మందులు, వ్యాయామం చేయించే ఆవిడ ఫీజు మాత్రం ఇలాంటి పిల్లల్ని చూసుకునే తల్లిదండ్రులకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే భృతితోనే గడిచేవి.

పిచ్చుకకు తొమ్మిదేళ్లు నిండిన నెలలో, ఒక పొద్దున మంచం కమ్మీ పట్టుకుని తనంతట తాను లేచి నిలబడింది. తల్లి నోట్లో గుండుసూదులున్నాయి, అరవడానికి కూడా లేకపోయింది. పది లెక్కపెట్టేంత సేపు నిలబడి, పిల్ల నవ్వుతూ కూలబడింది.

నాలుగు రోజులకు ఉత్తరం వచ్చింది. భృతికి అర్హత ఉందో లేదో మళ్లీ పరిశీలిస్తారట, వచ్చే వారం అధికారి ఇంటికే వస్తారట. బాగుపడిందని రాసి ఒకరి భృతి ఆపేశారని వ్యాయామం చేయించే ఆవిడ దగ్గర కర్టెన్లక్క విని ఉంది. ఆ వారమంతా కుట్లు వంకర పోయాయి. ఒక తెర జానెడు పొట్టిగా కత్తిరించేసింది. మెట్ల మీద ఎవరి అడుగు వినపడినా ఉలిక్కిపడేది.

ఉన్నదున్నట్టు చూపిస్తే సరిపోతుందన్నాడు భర్త.

"నిలబడటం ఒక్కటే చూస్తారండీ. నిలబెట్టడానికి పట్టిన ఏళ్లు ఎవరు చూస్తారు?" అంది ఆమె.

ముందురోజు సాయంత్రం అన్నం తినిపిస్తూ, పిల్ల కళ్లలోకి చూడకుండా చెప్పింది. "రేపు ఒకావిడ వస్తుంది. ఆవిడ ముందు నిలబడకు, తల్లీ."

పిచ్చుక చాలాసేపు నమిలి, కూడబలుక్కుని అడిగింది. "తప్పా?"

తల్లి పిల్ల మూతి తుడిచి లేచిపోయింది.

వచ్చిన అధికారి నెరిసిన జుట్టావిడ. అరగంటసేపు ప్రశ్నలడిగి ఫారం నింపుకుంది. చివరికి మంచం దగ్గరికి వంగి, నీకేం చేయడం ఇష్టమని పిల్లను అడిగింది. పిచ్చుక కమ్మీ వైపు చూసింది. తర్వాత తల్లి వైపు చూసి, రెండు చేతులూ దుప్పటి కింద దాచుకుంది.

కర్టెన్లక్క మంచం దగ్గరికి వచ్చి ఆ దుప్పటి పక్కకు తీసింది.

"నిలబడుతుందండీ. పది లెక్కపెట్టేదాకా. చెయ్యొద్దని నేనే చెప్పాను" అంది.

అధికారి కలం ఆగింది. లేవమన్నట్టు పిల్లకేసి తలూపింది. పిచ్చుక కమ్మీ పట్టుకుని లేచింది. ఏడు లెక్కపెట్టేసరికి పక్కకు ఒరగబోతుంటే, అంతకుముందే తల్లి చేతులు నడుము కింద ఉన్నాయి.

"పడబోతుందని మీకెలా తెలిసింది?"

"ముందు ఎడమ మోకాలు వణుకుతుందండీ."

"మరి మీరు వంటింట్లో ఉన్నప్పుడు?"

"తను మేలుకుని ఉంటే నేను వంటింట్లోకి వెళ్లనండీ. పొయ్యి కూడా ఈ గదిలోకే తెచ్చుకున్నాను."

ఆవిడ రెండు పేజీలు రాసింది. రాయడం వరకే తన పని, తేల్చేది పైవాళ్లని చెప్పి వెళ్లిపోయింది.

ఐదు వారాలు కబురు లేదు. చేజేతులా పిల్ల నోటికాడ కూడు తీసేశానేమోనని ఆమె కుమిలిపోయింది. చివరికి ఉత్తరం వచ్చింది. కవరు చించలేక భర్త చేతికిచ్చి, గోడ వైపు తిరిగి నిలబడింది. పిల్లను క్షణం కూడా ఒంటరిగా వదలలేని స్థితి కాబట్టి మూడేళ్లపాటు భృతి కొనసాగిస్తామని రాశారు. భర్త రెండుసార్లు చదివాడు. ఆమె మూడోసారి చదవమంది.

భయం మూడేళ్లు వాయిదా పడిందంతే, అదామెకు తెలుసు. అంతకన్నా బాధపెట్టింది వేరే ఉంది. ఆ తర్వాత చాలా నెలలు, కమ్మీ మీద చెయ్యి వేసే ముందు పిచ్చుక తల్లి ముఖంలోకి చూసి, ఆమె సరేనన్నాకే లేచేది.