శతాధిపతి టోపీకి ఈకలు

మొన్న గుడ్ ఫ్రైడే నాటకానికని మా చర్చి కుర్రాళ్లు కొరియరులో తెప్పించిన రోమా సైనికుల ప్లాస్టిక్ శిరస్త్రాణాల్లో ఒకదానికి ఎర్ర ఈకలు ఊడిపోతే, ఇలాంటివి అవ్వకు బాగా తెలుసంటూ మనవరాలు దాన్ని తెచ్చి నా ఒడిలో పెట్టింది. చూపు ఆనడం లేదని చెప్పి పంపించేశాను. చూపుకేం, బాగానే ఉంది.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో వేషాలన్నీ మనమే చేసుకునేవాళ్లం. శిలువ దగ్గర కాపలా ఉండే సైనికుల పెద్ద, శతాధిపతి వేషం ఏటా మా ఆయనదే. సండే స్కూలు పుస్తకంలోని బొమ్మ చూసి, నూనె డబ్బా రేకు సాగగొట్టి టోపీ ఆయనే చేసుకున్నాడు. దాని మీది ఈకల తురాయి మాత్రం నా వంతు. పాత ఈకలను పురుగు తినేసేది గనుక ప్రతి ఏడూ కోడిపుంజుల తోక ఈకలు పోగుచేసి, కడిగి, ఎర్రరంగులో నానబెట్టి, ఆరాక ఒక్కొక్కదాని మొదలు తుమ్మ బంకలో ముంచి బెండు పట్టీలో వరుసగా గుచ్చేదాన్ని. నాపరాళ్లు కొట్టే మనిషికి ఇంత దర్పం యాడిదని మా వదిన ఎగతాళి చేసేది గానీ, శిలువ మీదున్నవాడు దేవుని కుమారుడేనని చివర్లో ఆయన ఎలుగెత్తి చెప్పినప్పుడు ఆమె కూడా కొంగు కళ్లకు అద్దుకునేది. నాటకం మొత్తంలో ఆయనకున్నది ఆ ఒక్క మాటే.

ఆ చివరి ఏడాది రాతి దుమ్ము ఆయన ఊపిరితిత్తులను తినేసింది. ఇక చేసేదేమీ లేదన్నాడు కడప డాక్టరు. గ్లాసు నీళ్లు అడగడానికే రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకునే మనిషి, ఆ వేషం మాత్రం వేసి తీరుతానని పట్టుబట్టాడు. జనం ముందు ఆ మాట సగంలో తెగిపోయి, దగ్గుతెర ముంచుకొచ్చి, పిల్లలు నవ్వితే నేను చూడలేననిపించింది. ఈకలన్నీ గుచ్చి, టోపీని లోపలి గదిలో గంప కింద దాచేశాను. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆయన ఉతికిన చొక్కా వేసుకుని మంచం మీద కూర్చుని టోపీ అడిగితే, బంక ఆరలేదు, ముట్టుకుంటే ఈకలు ఊడొస్తాయన్నాను. బయట ఏప్రిల్ ఎండకు బండలు కాలిపోతున్నాయి. ఆయన గుమ్మంలోంచి ఆ ఎండ వంక చూశాడు.

"ఈ ఎండకు బంక ఆరకుండా ఉంటాదా మే?" అన్నాడు.

ఆయన మళ్లీ అడగలేదు. చొక్కా విప్పి, మడిచి పక్కన పెట్టి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. తలకు తువ్వాలు చుట్టుకుని ఆ వేషం ఇంకెవరో వేశారు. తొలకరికి ముందే మా ఆయన పోయాడు. అన్ని రోజుల్లో ఆ ఊసు ఎత్తలేదు, నన్నొక మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

కొన్నేళ్లుగా మా చర్చిలో వేషగాళ్ల చొక్కాలకు చిన్న చిన్న మైకులు తగిలిస్తున్నారు, గొణిగినా వెనక వరుస దాకా వినిపిస్తుంది. మా కాలంలో గొంతు ఉన్నవాడికే మాట. అదొక్కటి అప్పుడు ఉండి ఉంటే నేనే ఆయన తలకు టోపీ పెట్టి, చెయ్యి పట్టుకుని తీసుకుపోయేదాన్నని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. జనానికి వినబడదనే భయపడ్డాను గానీ, ఆయన ఆ మాట చెప్పాలనుకున్నది జనానికేనా అని ఆయన్ని అడగనే లేదు.