సాంబయ్య మామ చేతకానితనం

సిరిసిల్ల నేతవాడలో సాంబయ్యకు ఉన్నది ఒకే ఒక్క రోగం. ఎదురుపడ్డ మనిషినల్లా "నువ్వు రేపు పనికి రాకుంటే ఏమైతది?" అని అడగడం. వానలు, ఓట్లు, ఊళ్ళో పెళ్ళిళ్ళు, ఇవేవీ ఆయనకు పట్టవు. కొత్త ముఖం కనబడితే చాలు, భుజం మీది తువ్వాలను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని, తల కాస్త పక్కకు వాల్చి, నిజంగా తెలుసుకుందామన్న ఆత్రంతో ఆ ప్రశ్న వేస్తాడు. వేసి ఊరుకుంటే బాగుండును. జవాబు చెప్పేదాకా ఎదుటివాడి ముఖంలోకే చూస్తూ నిలబడతాడు.

కోడలు వనజకు ఈ రోగం సంగతి పెళ్ళిచూపులనాడే తెలిసిపోయింది. పెళ్ళికొడుకు రంజిత్ సిగ్గుతో చాపను గిల్లుతున్నాడు. పెద్దవాళ్ళు చాయ్ తాగుతూ ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తున్నారు. సాంబయ్య తువ్వాల భుజం మార్చుకున్నాడు.

"బిడ్డా, రేపు నువ్వు పని చెయ్యకుంటే ఏమైతది?"

వనజ తల్లి కమలవ్వ బిడ్డ ఏమంటుందోనని కంగారుగా చూసింది. వనజ మాత్రం తడుముకోలేదు. "మా ఇంట్ల ఎవ్వలు తినరు మామా" అంది.

"సంబంధం ఖాయం" అని సాంబయ్య లేచి నిలబడ్డాడు. పిల్లాడికి పిల్ల నచ్చిందా అని అడిగే వ్యవధి కూడా ఎవరికీ దొరకలేదు.

కాపురానికి వచ్చాక ఆ ప్రశ్న ఊరిని ఎన్ని తిప్పలు పెడుతోందో వనజ కళ్ళారా చూసింది. బీమా ఏజెంటు ఒకాయన సాంబయ్య కనబడితే సందులు మారిపోయేవాడు. బ్యాంకులో పింఛన్ కోసం వరసలో నిలబడి, సాంబయ్య కౌంటరు సారును కూడా వదల్లేదు.

"నేను రాకుంటే ఈ కౌంటరు మూస్తరు పెద్దమనిషీ" అన్నాడు ఆ సారు, కొంచెం గర్వంగానే.

"ఇయ్యాల తెరిసే ఉన్నదా సారూ?" అన్నాడు సాంబయ్య. పొద్దుటినుంచి సర్వర్ పనిచెయ్యక వరస కదల్లేదన్నది వాస్తవం. వరసంతా నవ్వింది. ఆ సారు ఒక్కడే నవ్వలేదు.

ఇంకోసారి ఏదో సర్టిఫికెట్టు పనిమీద ఒక ఆఫీసుకు పోయాడు. అక్కడ సారు లేడు. కుర్చీ ఉంది, కుర్చీ వెనక వేలాడుతున్న తెల్ల తువ్వాల ఉంది, పైన ఫ్యాను తిరుగుతోంది. "సారు ఈడనే ఉన్నరు" అన్నాడు బంట్రోతు. వారం పాటు పోయినా సారు ఈడనే ఉన్నాడు, తువ్వాలా ఈడనే ఉంది. సాంబయ్య ఇంటికొచ్చి కోడలికి ఈ విశేషం వివరించాడు. "సూడు బిడ్డా, కొన్ని కొలువులకు మనిషి అక్కర లేదు. తువ్వాల వస్తే సాలు."

అడగడం వరకైతే ఊరు ఓర్చుకునేది. కానీ సాంబయ్యకు జవాబు వింటే తృప్తి లేదు, కళ్ళతో చూడాలి. అందుకని ప్రయోగాలు మొదలుపెట్టాడు. "రేపు నువ్వు పనికి పోకు. నీ జాగల నేను నిలబడ్త. ఏమైతదో సూద్దాం. కూలి మాత్రం నీదే" అంటాడు. పని లేని ముసలాడు, పింఛన్ మీద బతుకుతున్నాడు, ఏదో సరదా పడుతున్నాడు అని జనం నవ్వుతూ ఒప్పుకునేవాళ్ళు. విచిత్రమేమిటంటే, ఈ ప్రయోగాలు బ్యాంకు సారు మీద గానీ తువ్వాల సారు మీద గానీ జరిగేవి కావు. ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకునే వాళ్ళమీదే జరిగేవి. ఎందుకని అడిగితే, "పెద్దోళ్ళ మీద మస్తు ప్రయోగాలు ఆల్రెడీ నడుస్తున్నయ్, ఆళ్ళు రోజూ రాకుంటనే ఉన్నరు కద" అనేవాడు.

ప్రయోగాల ఫలితం మాత్రం ప్రతిసారీ ఒకటే. సాంబయ్యకు ఏ పనీ చేతకాదు.

పర్శరాములు హోటల్లో సాయిచంద్ చాయ్ పెడతాడు. వాడి భార్య నిండు నెలలతో ఉంది, కరీంనగర్ పెద్ద డాక్టరుకు చూపించాలి. వెళ్తానంటే పర్శరాములు ససేమిరా అన్నాడు. సరిగ్గా ఆ రోజే సాంబయ్యకు చాయ్ మీద కుతూహలం పుట్టింది. మర్నాడు పొద్దున్నే సాయిచంద్‌ను బస్సెక్కించి, తాను పొయ్యి ముందు నిలబడి, వచ్చినవాళ్ళకు పోస్తూ, చివరికి ఓనరుకూ ఒక గ్లాసు పోశాడు. పర్శరాములు ఒక్క గుక్క తాగి, గల్లాపెట్టె మీదే ఉమ్మేశాడు.

"గిది చాయా, ఇంకేమన్ననా? ఉప్పేసినవేంది మామా?"

"తెల్లగ ఉంటే చక్కరనుకున్న బిడ్డా. రెండు డబ్బలు ఒక్క తీరుగనే ఉన్నయ్."

మర్నాడు సాయిచంద్ రాగానే పర్శరాములు కొత్త అల్లుడు వచ్చినట్టు ఎదురెళ్ళాడు. "ఇట్ల నన్ను ఇడిసిపెట్టి పోకురా. గా ముసలోడు నా హోటల్ ముంచుతడు" అన్నాడు.

బట్టల దుకాణంలో ఊడ్చి తుడిచే అనసూర్య విషయంలోనూ అదే వరస. ఆమె బిడ్డను హాస్టల్లో దిగబెట్టి రావాలి. సాంబయ్య బకెట్టు, గుడ్డ పట్టుకుని వెళ్ళాడు. మధ్యాహ్నానికల్లా దుకాణం సేటు తన గద్దె ముందు జారి, సరాసరి బకెట్లో కూర్చున్నాడు. దెబ్బేమీ తగల్లేదు గానీ, బకెట్టు ఊడి రావడానికి ఇద్దరు పట్టవలసి వచ్చింది. "సారీ సేటూ, నీళ్ళు పిండుడు నాకు రాదు" అన్నాడు సాంబయ్య చేతులు కట్టుకుని. సాయంత్రానికి ఊరంతా ఈ కథే. రంజిత్‌కు తాను మరమగ్గాలు నడిపే సాంచాల కార్ఖానాలో తలెత్తుకోవడం కష్టమైంది. "బాపూ, నీకు చేతకాని పనులు నీకెందుకే? నలుగురు నవ్వుతుండ్రు" అన్నాడు.

"నవ్వితే ఆరోగ్యం రా" అన్నాడు సాంబయ్య.

వనజ కూడా నవ్వింది. తన వంతు వచ్చేదాకా.

వనజ వాడకట్టు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. పొద్దున్నే పొయ్యి అంటిస్తే పిల్లల కంచాలు కడిగేదాకా నడుము ఎత్తే పని లేదు. అయినా ఆ పని అంటే ఆమెకు ప్రాణం. పిల్లలు కంచాలు పట్టుకుని "వంటక్కా" అని వరసలో నిలబడితే ఆమెకు కడుపు నిండిపోయేది. ఇంతలో కమలవ్వకు కంట్లో పొర ముదిరింది. కరీంనగర్‌లో ఆపరేషన్‌కు రోజు ఇచ్చారు. తోడు వెళ్ళడానికి వనజ తప్ప ఎవరూ లేరు.

హెడ్మాస్టరు సంతోష్‌రావు చెడ్డవాడు కాదు. పిల్లల వంటే తన గదికి తెప్పించుకుని తింటాడు, ఆ సంగతి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటాడు కూడా. కాకపోతే, పొయ్యి దగ్గర జరిగేది కూడా ఒక పనేనని ఆయనకు ఎప్పుడూ తట్టలేదు.

"ఒక్క రోజు సెలవు కావాలె సార్" అంది వనజ.

"పోయిరా. వంటదేమున్నది, ఎవరు చేసినా ఉడుకుతది" అన్నాడాయన, రిజిస్టరు నుంచి తల ఎత్తకుండానే. "నువ్వు రాకుంటే ఇంకొకరు. ఈ పని ఇప్పియ్యుమని మా ఇంటికి తిరిగేటోళ్ళు మస్తు మంది ఉన్నరు. వాళ్ళల్ల ఎవరినన్న పిలుస్త, మంచిగ చేస్తే వాళ్ళనే ఉండనిస్త."

వనజ దండం పెట్టి బయటికొచ్చింది. పోతే పని పోతుంది, పోకపోతే తల్లి కన్ను పోతుంది. ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడి, సంగతంతా మామకు చెప్పింది. మామ తువ్వాల భుజం మార్చుకోవడం చూసి ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

"వద్దు మామా. నీ కాళ్ళు మొక్కుత. అది చాయ్ కాదు, పసి పిల్లల కడుపులు."

"ఎవలో ఒకలు వండాలె కద బిడ్డా. సారుకు చెప్త, నేనే వస్తనని. నువ్వు ఫికర్ చెయ్యకుండ పో."

వేరే దారి లేక వెళ్ళింది. కరీంనగర్ ఆసుపత్రిలో తల్లి కంటికి కట్టు కడుతుంటే, వనజ కళ్ళముందు మాత్రం ఉప్పు డబ్బా కదులుతూనే ఉంది.

మర్నాడు ఆమె బడి గేటు తీసేసరికి సంతోష్‌రావు వరండాలోనే నిలబడి ఉన్నాడు.

"వచ్చినవా తల్లీ" అన్నాడు. తల్లీ అనడం ఇదే మొదలు. "మీ మామ పోసిన పప్పుచారు తాగినంక నా నాలుక నాది కాకుండ పోయింది. రాత్రి దాకా నీళ్ళు తాగుతనే ఉన్న. ఇంక నీ జాగల ఎవ్వరినీ పిలిచేది లేదు. నీ పని నీదే. పొయ్యి అంటియ్యి పో."

పని దక్కింది. కానీ పిల్లలు ఏం తిన్నారో అని వనజకు కడుపు మండింది. మామను ఇవాళ నాలుగు మాటలు అనకపోతే తాను మనిషే కాదనుకుంది. అంతలో నాలుగో తరగతి హర్షిణి వచ్చి కొంగు పట్టుకు లాగింది.

"వంటక్కా, తాత మళ్ళెప్పుడొస్తడు?"

"ఎందుకే?"

"చారు మస్తుగుండె. నేను మళ్ళ మళ్ళ పోయించుకున్న. అందరు పోయించుకున్నరు."

వనజ చేతిలో గంటె ఆగిపోయింది. పొయ్యి మీది గంజు ఒకటే, అందులోని చారూ ఒకటే. పిల్లలకు కమ్మగా ఉండి సారుకు ఉప్పెట్లయింది? ఆమె బియ్యం కడుగుతూ ఆలోచించింది, పప్పు కలుపుతూ ఆలోచించింది. సాయంత్రం ఇంటికి పోతూ పర్శరాములు హోటల్ ముందు ఆగి, గొంతు తగ్గించి సాయిచంద్‌ను అడిగింది.

"తమ్మీ, ఆనాడు మా మామ పెట్టిన చాయ్ అందరికీ ఉప్పగనే ఉండెనా?"

సాయిచంద్ ఓనరు వైపు ఓరగా చూశాడు. "లేదక్కా. ఓనరుకొక్కనికే. మిగతోళ్ళు గట్లాంటి చాయ్ మళ్ళెప్పుడని నన్నే అడుగుతుండ్రు."

వనజకు బట్టల దుకాణం గుర్తొచ్చింది. ఆ రోజు తానూ అక్కడికి పోయింది. దుకాణమంతా అద్దంలా ఉంది, నీళ్ళు ఉన్నది ఒక్క సేటు గద్దె ముందే. ఇంత కంటి ముందు జరిగినా తనకెందుకు తట్టలేదా అని ఆమెకు ఆశ్చర్యం వేసింది.

ఇంట్లోకి అడుగు పెట్టేసరికి పోపు వాసన. కోడలు రెండు రోజులుగా అలిసిందని సాంబయ్య పొయ్యి ముందు కూర్చుని పప్పుచారు కాస్తున్నాడు. వనజ గంటెతో కొంచెం అరచేతిలో పోసుకుని తాగింది. కళ్ళు మూసుకుని ఇంకొంచెం తాగింది.

"మామా, నీకు వంటొచ్చు."

సాంబయ్య దొరికిపోయినవాడిలా తల గోక్కున్నాడు. "బొంబాయి దిక్కు భీవండిల సాంచాలు నడిపినప్పుడు రూమ్‌ల అందరికీ నేనే వండేటోణ్ణి."

"మరి సారు గిన్నెల ఉప్పెందుకేసినవ్?"

"కూసో బిడ్డా, చెప్త." ఆయన మంట తగ్గించాడు. "రంజిత్ పుట్టిన్నాడు నేను గీడ సాంచాల మీదున్న. ఒక్క పూట పోయి పిల్లగాన్ని సూసొస్తనంటే సేటు ఇనలే. అప్పుడు నాతోటి పనిచేసే దశరథం, నీ సాంచాలు నేను నడుపుత పో అన్నడు. పాపం, మంచోడు. మస్తు మంచిగ నడిపిండు. ఒక్క దారం తెగనియ్యలే. నేనచ్చేసరికి సేటు నా సాంచాలు ఆనికే ఇచ్చిండు. నేను భీవండి బస్సెక్కిన."

"అయ్యో."

"ఆని తప్పేం లేదు. మంచిగ చేసిండు, గదొక్కటే తప్పు. గప్పుడు సమజయింది నాకు. కూలోళ్ళ జాగల నిలబడితే పని మంచిగ చెయ్యాలె, గని చేసినట్టు పనిచ్చే మాలకుకు తెల్వద్దు. మాలకు జర పరేషాన్ కావాలె. గప్పుడే మనిషి విలువ తెలుస్తది."

వనజకు నవ్వొచ్చింది. "గీ సంగతి చెప్పరాదా? ఊరంత నిన్ను చేతకానోడని నవ్వుతుండ్రు. రంజిత్ మొఖం సూడలేకపోతున్న."

"సెలవిప్పిస్త పో అంటె ఎవలన్న పోతరా? మొగమాటపడ్తరు. ముసలోని పిచ్చి అంటె నవ్వుకుంట పోతరు. ఇగ నవ్వుడంటవా, నవ్వనియ్యి. సర్కారు నాకు నెల నెల పింఛన్ ఇస్తున్నది, ఊకె కూసున్నందుకు. చేతకానోడని ఎవలన్న నన్ను పనిల నుంచి తీసేస్తరా? తీసేసుడుకు నాకు పనే లేకపాయె. గంత ధైర్యం ఈ వాడల ఇంకెవలికున్నది?"

వనజకు మామ మీద ఉన్న కోపమంతా పోయి, దాని జాగాలో ప్రేమ పొంగింది. రేపు రంజిత్ కార్ఖానాలో ఎవరైనా నవ్వితే తాను ఏం చెప్పాలో ఆలోచించింది. ఏమీ చెప్పకూడదని అర్థమైంది. చెబితే ప్రయోగాలు ఆగిపోతాయి.

అప్పుడే వాకిట్లో చెప్పుల చప్పుడైంది. సంతోష్‌రావు సారు. చేతిలో సాంబయ్య తువ్వాల.

"సాంబయ్యా, నిన్న నా కుర్చీకి దీన్ని వేసి మర్చిపోయినవు" అంటూ అందించాడు.

"మర్చిపోలే సారూ. రేపెప్పుడన్న మీరు బడికి రాకుంటే పనికొస్తదని" అన్నాడు సాంబయ్య అమాయకంగా.

"అంటే?" అన్నాడు సంతోష్‌రావు. వనజ గబగబా మధ్యలోకి వచ్చి పీట వేసింది. "తిని పోండ్రి సార్. మా ఇంటిదాకా వచ్చిండ్రు" అంటూ కంచంలో అన్నం పెట్టి, గంజులోని పప్పుచారు పోసింది.

సారు మొదట అనుమానంగా వేలు ముంచి చూశాడు. తర్వాత కలుపుకుని తిన్నాడు. మళ్ళీ పోయించుకున్నాడు. చివరికి కంచం ఖాళీ చేసి, సాంబయ్య వైపు తిరిగి, పాఠం చెప్పేటప్పటి గొంతుతో అన్నాడు.

"చూసినవా సాంబయ్యా, వనజ చెయ్యి పడితే చారు ఎట్లుంటదో. వంటంటే ఎవరు పడితే వాళ్ళు చేసేది కాదు."

వనజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సాంబయ్య తువ్వాల ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"అవును సారూ" అన్నాడు వినయంగా. "నాకైతే చేతకాలే."