మేకుకు వేలాడిన గ్లాసు

దగ్గరికి జరిగి కూర్చోండి తల్లులారా. నా దగ్గుకు భయపడకండి, అది పోయి నాలుగేండ్లు.

మందమర్రి బొగ్గుగని క్వార్టర్లలో ఒకనాడు బట్టలు పిండుతుంటే దగ్గు వచ్చి, ఉతికిన దుప్పటి మీద ఎర్రటి చుక్క పడింది. తమలపాకు నమలలేదు కదా అని దాన్నే చూస్తూ నిలబడ్డాను. దవాఖానాలో ఎక్స్‌రే తీశారు. "టీబీ. చిన్నపిల్లను దగ్గరికి రానివ్వొద్దు. గ్లాసు, పళ్లెం వేరు పెట్టండి" అన్నాడు డాక్టరు.

మా పెద్ద యారాలు, అదే తోడికోడలు, శాంతమ్మక్క బయటి గోడకు మేకు కొట్టి నా గ్లాసు తగిలించింది. దానికి నేను బాధపడలేదు. నా మూడేండ్ల రూతు నా వైపు ఉరికొస్తుంటే రెక్క పట్టి లాగి, "మీ అవ్వను ముట్టినా, గా గ్లాసు ముట్టినా సస్తవ్!" అన్నది. మా దిక్కు అవ్వంటే అమ్మే, అంటే నేనే. ఆ మాట నాటుకుంది.

స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు మొదలయ్యాయి. రెండు నెలలకు ఒళ్లు తేలికపడగానే నేనే మానేశాను. మళ్లీ రక్తం పడింది. ఈసారి హైదరాబాద్ దిక్కు టీబీ రోగులుండే శానిటోరియానికి పంపారు, ఏడాది ఉన్నాను. అక్కడ సాయంత్రాలు ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పేటప్పుడు, ఇతరులను క్షమించే మాట దగ్గర నా నోరు ఆగిపోయేది. పక్క మంచం రాజవ్వ కనిపెట్టింది.

"ఏందే, గా ఒక్క ముక్క రోజు మింగుతున్నవ్? గది గూడ గోలీ అనుకున్నవా?"

నవ్వాను గానీ నాకే వింతగా తోచింది. ప్రార్థనంతా వచ్చిన నోటికి అదొక్కటే ఎందుకు రాదు?

చివరికి స్పుటమ్, అంటే కఫం పరీక్ష, నెగెటివ్ వచ్చింది. "ఇక బిడ్డను ఎత్తుకోవచ్చు" అన్నాడు డాక్టరు. ఇంటికి వస్తే రూతు శాంతమ్మక్క కొంగు చాటుకు పోయింది. వారమైనా రాలేదు. బెల్లం చూపినా రాలేదు. అది వినేది ఒక్క శాంతమ్మక్క మాటే. నేనేమో ఆమెతో మాట్లాడను.

ఆదివారం చర్చిలో ఆ క్షమించే ముక్క ఎట్లాగో నోట పలికి వచ్చాక, ఆమె బియ్యం చెరుగుతుంటే ఎదురుగా కూర్చున్నాను.

"అక్కా, పిల్లకు గా మాట జెప్పినవ్. ఇంకా మనసుల గుచ్చుతనే ఉన్నది. అయినా దేవుని ముంగట ఇడిసిపెట్టిన. నీ మీద ఏం పెట్టుకోను."

చేట ఆగింది. "డాక్టర్ రానియ్యొద్దన్నడు. ఊకె జెప్తె పిల్ల ఇంటదా? బెదిరిచ్చిన. నువ్ మల్ల వస్తవని అనుకోలే పిల్లా. తప్పు నాదే."

"గట్లయితే నువ్వే జెప్పు దానికి."

ఆమె లేచి, మేకుకున్న గ్లాసు దించి, కడిగి, కుండలో నీళ్లు ముంచి నా చేతికిచ్చింది. సగం తాగాను. మిగిలిన సగం ఆమె గటగటా తాగి, "సూడు బిడ్డా, పెద్దవ్వ సచ్చిందా?" అన్నది. రూతు ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. మెల్లగా వచ్చి గ్లాసు ముట్టింది. తర్వాత నా మోకాలు.

కోపం ఆనాటితో పోయిందనుకునేరు. ఆ మేకును చూసినప్పుడల్లా వచ్చేది, వచ్చినప్పుడల్లా మళ్లీ విడిచేదాన్ని. ఇప్పుడు దానికి రూతు బడిసంచి వేలాడుతుంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వస్తే డాక్టరు గ్లాసు వేరు పెట్టమంటే పెట్టండి, కానీ పిల్లలకు "మీ అవ్వ మంచిగైనంక దగ్గరికి పోదువు" అని చెప్పండి. మీ ఇంట ఏ గ్లాసూ గోడ బయట మిగిలిపోకుండా ప్రభువు కాచుగాక.