వారానికో అబద్ధం

“పిల్లలకి అబద్ధాలు చెప్పడానికేనా మీకు జీతం?” అని హెడ్మాస్టరు ఒకరోజు మా సైన్సు మాస్టారిని అడిగాడు.

“వారానికి ఒక్కటేనండీ,” అన్నాడాయన, బేరమాడుతున్నట్టు.

నిజమే. పక్క గదిలో పాఠం చెప్పుకుంటూ పదకొండేళ్లు విన్నాను. ప్రతి శుక్రవారం ఒక పచ్చి అబద్ధాన్ని పాఠంలా చెప్పేవాడు. ఆధారంతో పట్టుకున్నవాళ్లకి పది రూపాయలు. పిల్లలు ఆధారం జోలికి పోయేవాళ్లు కాదు. క్లాసు లీడరు చెయ్యి లేస్తే అందరివీ లేచేవి. అన్నేళ్లలో ఆయన జేబుకి చిల్లు పడలేదు, గుండెకే పడింది. “నేను నేర్పేది సైన్సు కాదండీ, చేతుల వ్యాయామం,” అని స్టాఫ్‌రూంలో టీ చల్లారబెట్టుకునేవాడు. గురువంటే వెలిగే దీపమనే సన్మానసభ మాటలు నా ఒంటికి పడవు. ఈయన ఏ క్షణాన్నయినా మాడిపోయే బల్బు.

ఆ శుక్రవారం అబద్ధం ఇది: “దుప్పటి వేడి పుట్టిస్తుంది. కాబట్టి ఐసుకి కప్పితే తొందరగా కరుగుతుంది. ఔనన్నవాళ్లు చేతులెత్తండి.”

నలభై చేతులూ లేచాయి. చివరి బెంచీలో ఐసుబండివాడి కూతురిది కూడా. క్లాసంతా ‘మొద్దు’ అని పిలిచే పిల్ల. చదువు అబ్బలేదు, నెలాఖరుకి మాన్పించేస్తానని తండ్రి అప్పటికే చెప్పి వెళ్లాడు.

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. “నువ్వు కూడానా తల్లీ? మీ నాన్న ఐసుకి ఏం చుడతాడు?”

“గోనెపట్టా సార్.”

“ఎందుకూ?”

“కరక్కుండా.”

“మరి చెయ్యెందుకెత్తావే?”

“అందరూ ఎత్తారు కద సార్.”

సోమవారం ఆ పిల్ల రెండు ఐసుముక్కలు తెచ్చింది. ఒకటి గోనెలో చుట్టి, ఇంకోటి ఉత్తగా పళ్లెంలో పెట్టింది. గంట కొట్టేసరికి ఉత్తది నీళ్లయింది, గోనెలోది గుప్పెడు మిగిలింది. మాస్టారు ఆశగా మళ్లీ ఓటు పెట్టాడు. దుప్పటి వైపే లీడరు చెయ్యెత్తాడు, వెనకే ముప్పై ఎనిమిది.

“అది వేరే రకం ఐసు సార్,” అన్నాడు లీడరు.

మాస్టారు తల పట్టుకున్నాడు. లేవని చెయ్యి ఒక్కటే. ఆ చేతిలో పది రూపాయలు పెట్టాడు.

మొద్దుకి డబ్బెవరిచ్చారని తండ్రి గొడవకొచ్చాడు. సంగతి విని వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. నెలాఖరు దాటింది, పిల్ల మానలేదు.

తర్వాత ఒకసారి ఆయన హాజరుపట్టీ నా చేతికి చిక్కింది. చివరి బెంచీ పేర్ల పక్కన ఇంట్లోవాళ్లు చేసే పని, దాని పక్కన ఒక్కో అబద్ధం. వడ్రంగి కొడుక్కి చెక్క మీద, దర్జీ కూతురికి నూలు మీద. ఎవరు ఇంట్లో రోజూ కళ్లారా చూసేదాని మీద వాళ్లకి.

“పట్టుకున్నాను మాస్టారూ. మీ అబద్ధాలు క్లాసు కోసం కాదు, మొద్దులనిపించుకున్నవాళ్లు గెలవడం కోసం. ఇదిగో ఆధారం. పది రూపాయలు తియ్యండి.”

ఆయన పట్టీ లాక్కుని స్టాఫ్‌రూం అంతటినీ కలయజూశాడు. “ఈయన చెప్పేది నిజమన్నవాళ్లు చేతులెత్తండి.”

ఎవరూ ఎత్తలేదు.

“చూశారా, మీరే ఓడిపోయారు,” అన్నాడు.

నా పది రూపాయలు ఇంకా బాకీ.